తుది పూత

పాఠ్యభాగ పరిచయం

ప్రక్రియ: స్వీయానుభవ వ్యాసం

వంటకు పోపు, గోడకు సున్నం, కలపపనికి రంగు, మెరుగు. ఇవన్నీ చివర చేసే పనులు. చివర చేసేవి కాబట్టి చిన్నవని మనం భావిస్తాం. కాని అంతవరకు పడిన శ్రమ నిలిచేదీ, చెడేదీ అక్కడే. కొత్తగా వడ్రంగం నేర్చుకుంటున్న ఒక యువకుడు తన నాయనమ్మ కోసం వ్యాసపీఠం తయారుచేసి, దానికి రంగు వేసే దశలో పొరపడి, అనుభవజ్ఞుడైన మేస్త్రీ సాయంతో దిద్దుకున్న వృత్తాంతం ఈ పాఠంలో ఉంది. చేతిపనులలోని శాస్త్రీయతను గ్రహించడం, శ్రమను గౌరవించడం, తొందరపాటు వల్ల కలిగే నష్టాన్ని గుర్తించడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠం

ఇంటర్మీడియెట్ పరీక్షలు ముగిసిన వేసవి అది. గోదావరి తీరాన ఉన్న మా ఊరిలో నాయనమ్మ దగ్గర సెలవులు గడుపుతున్నాను. ప్రతి ఉదయం ఆమె స్నానం ముగించుకొని, అరుగు మీద కూర్చొని భాగవతం చదువుకునేది. పుస్తకం పెద్దది, బరువైనది. దానిని ఒడిలో పెట్టుకొంటే మెడ వంగిపోయేది, చేతులతో ఎత్తి పట్టుకొంటే మణికట్టు నొప్పి పుట్టేది. నేల మీద పెట్టి చదవడానికి ఆమె మనసు ఒప్పుకోదు.

"తొలి ఏకాదశినాడు మళ్ళీ మొదటినుంచి పారాయణ మొదలుపెడదామనుకుంటున్నాను. అప్పటికి ఒక వ్యాసపీఠం దొరికితే బాగుండునురా" అన్నది ఒకనాడు.

కొనితెస్తానని అనబోయి ఆగిపోయాను. మా ఇంటి అటక మీద ఒక మామిడి పలక ఉన్నది. నాలుగేళ్ళ క్రితం వచ్చిన పెనుగాలికి మా పెరటి మామిడిచెట్టు కూలిపోయింది. అది తాతయ్య నాటిన చెట్టు. కోతమిల్లుకు తరలించగా వచ్చిన చెక్కలో పుచ్చు పట్టినది పోను, మిగిలినది చాలావరకు అమ్మివేశారు. నాయనమ్మ మాత్రం ఒక పలకను ఉంచుకొన్నది. నాలుగడుగుల పొడవు, తొమ్మిది అంగుళాల వెడల్పు, అంగుళం మందం. ఆ చెట్టుకు ఇంటిలో మిగిలిన గుర్తు అదొక్కటే.

"ఆ పలకతో నేనే చేస్తాను, నాయనమ్మా" అన్నాను.

ఆమె నా ముఖం వంక చూసి, "అది ఒక్కటే ఉన్నదిరా" అన్నది. వద్దనలేదు.

మా వీధి చివర ఉండే వృద్ధుడైన వడ్రంగి మేస్త్రీగారి దగ్గర రంపం, ఉలి, చిత్రిక అరువు తెచ్చుకొన్నాను. వ్యాసపీఠం నిర్మాణం చూడటానికి తేలికగానే ఉంటుంది. రెండు పలకలు ఒకదానిలో ఒకటి దూరి, గుణకారపు గుర్తు ఆకారంలో నిలబడతాయి. పై భాగంలో పుస్తకం తెరచుకొని ఆనుతుంది, కింది భాగం కాళ్ళవుతుంది. ఒక పలక నడుమ గాడి తొలచాలి. రెండవ పలకను ఆ గాడిలో ఇమిడేటట్లు సన్నం చేయాలి. పద్దెనిమిది అంగుళాల చొప్పున రెండు ముక్కలు కోయగా ఒక అడుగు ముక్క మిగిలింది. దానిని తీసుకుపోయి వంటింటి పొయ్యి పక్కన కట్టెలలో పడవేశాను. అది ఎంత పెద్ద పొరపాటో అప్పుడు తెలియలేదు.

కోయడానికి, తొలవడానికి, చిత్రిక పట్టడానికి నెలన్నర పట్టింది. ఒక పలక అంచున సన్నని చీలిక కనిపిస్తే తెల్లజిగురు పోసి, తాడుతో బిగించి ఆరబెట్టాను. చివరికి రెండు పలకలు ఒకదానిలో ఒకటి దూరి నిలబడిన క్షణంలో నాకు కలిగిన ఆనందం ఇంతా అంతా కాదు. పని ముగిసిందనుకొన్నాను. ఇక రంగు వేయడమే తరువాయి. అది ఒక పూట పని.

బజారుకు పోయి టేకు రంగు డబ్బా కొనితెచ్చాను. అది నూనె కలిసిన రంగు. గరుకు కాగితంతో పలకలను గబగబా రుద్దాను. పొడవునా రుద్దడం కష్టమనిపించిన చోట అడ్డంగా రుద్దాను. తరువాత కుంచెతో రంగును దట్టంగా పట్టించాను. ఎంత ఎక్కువ వేస్తే అంత బాగా పడుతుందని నా నమ్మకం. దానిని తుడవకుండా అలాగే వదిలివేశాను.

మరునాడు సూర్యోదయానికే లేచి చూశాను. గుండె జారిపోయింది. పలకల కొసలు బొగ్గులా నల్లబడ్డాయి. నడుమ భాగం ఒకచోట ఎర్రగా, ఒకచోట లేతగా, మబ్బులు కమ్మిన ఆకాశంలా ఉన్నది. అడ్డంగా రుద్దిన ప్రతి గీతా నల్లని చార అయి కూర్చున్నది. చీలిక దగ్గర జిగురు అంటిన వేలిముద్రలు తెల్లగా బయటపడ్డాయి. పైగా చేయి పెడితే అంతటా జిడ్డుగా అంటుకొంటున్నది. మరొక పలక లేదు. తాతయ్య చెట్టు మరొకటి లేదు. ఏకాదశికి పదిహేను రోజులే ఉన్నవి.

నాయనమ్మ కంటపడకుండా వాటిని గోనెసంచిలో చుట్టుకొని మేస్త్రీగారి ఇంటికి పోయాను. ఆయన పలకలను వెలుతురుకు ఏటవాలుగా పట్టుకొని చాలాసేపు చూశారు. కోప్పడతారనుకొన్నాను.

"కోత బాగానే ఉంది బాబూ. గాడి కూడా బిగువుగా కుదిరింది. రంగు మీద నువ్వు పెట్టుకున్న ఆశే తప్పు. తప్పులన్నీ రంగు కప్పేస్తుందనుకున్నావు. సున్నం కప్పుతుంది, లప్పం కప్పుతుంది. ఈ రంగు కప్పదు. చెక్కలో ఏముందో అదే పైకి చూపిస్తుంది" అన్నారు.

ఆ మాటకు అర్థం ఆయనే ఒక్కొక్కటిగా వివరించారు. చెట్టు వేళ్ళనుంచి నీటిని పైకి తీసుకుపోయే సన్నని గొట్టాలు కలపలో పొడవునా ఉంటాయి. పలకను అడ్డంగా కోసిన కొసలలో ఆ గొట్టాలన్నీ నోళ్ళు తెరచుకొని ఉంటాయి. అవి రంగును ఎక్కువగా పీల్చి నల్లబడతాయి. చెక్క అంతటా గట్టిదనం ఒకేవిధంగా ఉండదు కాబట్టి మెత్తని చోట ఎక్కువగా, గట్టి చోట తక్కువగా రంగు ఇంకుతుంది. గరుకు కాగితం గీసిన గాళ్ళలో రంగుపొడి చేరి నిలుస్తుంది. పోగుల వెంబడి గీసిన గీతలు పోగులలో కలిసిపోతాయి, అడ్డగీతలు కలవవు. జిగురు ఆరిన చోట చెక్క రంగును అసలు పీల్చుకోదు. ఇక జిడ్డు సంగతి. చెక్క తాగగలిగినంత తాగి, మిగిలినదానిని పైన వదిలివేస్తుంది. ఆ మిగులును తుడిచివేయాలి. తుడవకపోతే అది సరిగా ఆరక బంకలా నిలిచిపోతుంది.

"దీనిని బాగుచేయవచ్చునా, మేస్త్రీగారూ?" అని అడిగాను.

"చేయవచ్చు. కాని నువ్వు నెలన్నర ఎలా పనిచేశావో, ఈ పదిహేను రోజులూ అలాగే పనిచేయాలి. ముందు చెప్పు, కోయగా మిగిలిన ముక్క ఏది?"

పొయ్యి దగ్గర పడవేశానని చెప్పగానే ఆయన లేచి నిలబడ్డారు. "ముందు పోయి దానిని తీసుకురా!"

పరుగెత్తుకొంటూ పోయాను. అదృష్టవశాత్తు నాయనమ్మ దానిని ఇంకా పొయ్యిలో పెట్టలేదు.

ఆ రోజు మొట్టమొదట చేసిన పని పలకల మీది బంకను తొలగించడం. గుడ్డను టర్పెంటైనులో తడిపి రుద్దగా జిడ్డు కరిగి ఊడివచ్చింది. ఆరిన తరువాత గరుకు కాగితంతో తిరిగి చెక్క బయటపడేవరకు రుద్దాను. కాగితం వెనుక ముద్రించిన అంకె ఎంత చిన్నదైతే గరుకుదనం అంత ఎక్కువ. మొదట 100, తరువాత 150, ఆపైన 220 అంకెగల కాగితాలు వాడాలని, ముందరి కాగితం చేసిన గీతలు పూర్తిగా పోయేవరకు తరువాతి కాగితాన్ని ముట్టరాదని మేస్త్రీగారు నియమం పెట్టారు. నడుమ మెట్టు దాటవేస్తే మొదటి గీతలు లోపల అలాగే ఉండిపోతాయి. కంటికి ఆనని ఆ గీతలను రంగు వెతికి పట్టుకొంటుంది. పలకల కొసలను మాత్రం 320 అంకె కాగితంతో ఇంకా నునుపు చేయించారు. అక్కడి రంధ్రాలు కొంత మూసుకొని రంగును తక్కువగా పీలుస్తాయట.

అటుపిమ్మట ఆయన ఒక తడిగుడ్డతో పలకలను తుడిచారు. నీరు తగిలిన చెక్క ముదురు రంగుకు మారింది. ఆ తడిలో మిగిలిపోయిన అడ్డగీతలు, జిగురు మరకలు స్పష్టంగా కనిపించాయి. రంగు వేయకముందే రంగు చూపబోయే తప్పులను నీరు చూపించింది. ఆరిన తరువాత పలక మీద సన్నని నూగు లేచి చేతికి గరుకుగా తగిలింది. దానిని 220 కాగితంతో తేలికగా రుద్ది తీసివేశాను. ఈ పని ముందే చేయకపోతే ఆ నూగు తరువాతి పూతలలో లేస్తుంది.

ఇక పొయ్యి నోట తప్పించుకొన్న ముక్క పని పడింది. దానిని కూడా అదే క్రమంలో నునుపు చేసి, గీతలు గీసి మూడు భాగాలు చేశాము. మొదటి భాగంలో రంగు నేరుగా వేసి వెంటనే తుడిచాము. రెండవ భాగంలో అయిదు నిమిషాలు ఉంచి తుడిచాము. మూడవ భాగంలో ముందుగా బాగా పలుచన చేసిన లక్క ద్రావణం ఒక పూత పూసి, ఆరిన పిమ్మట తేలికగా రుద్ది రంగు వేశాము. మొదటి రెండు భాగాలలో మచ్చలు వచ్చాయి. మూడవ భాగంలో రంగు కొంత లేతగా, అంతటా సమంగా పడింది. లక్క చెక్కలోని మెత్తని చోట్లలో ముందే ఇంకి వాటి దాహాన్ని తీర్చింది.

"టేకులా ముదురుగా రాలేదే" అన్నాను.

"మామిడిని టేకని నమ్మించడానికా నువ్వు రంగు వేస్తున్నది? మీ తాతగారు టేకు నాటలేదు. మామిడి మామిడిగానే అందంగా కనిపించాలి" అన్నారు మేస్త్రీగారు. ఆ ముక్క వెనుక ఏ భాగంలో ఏమి చేశామో పెన్సిలుతో రాయించారు. "జ్ఞాపకం మోసం చేస్తుంది. చెక్క మోసం చేయదు" అన్నారు.

మూడవ పద్ధతిలోనే పలకలకు రంగు వేశాము. ఈసారి కుంచె పట్టలేదు. మెత్తని నూలుగుడ్డతో అద్ది, అయిదు నిమిషాలు ఆగి, పొడిగుడ్డతో పోగుల వెంబడి మిగులంతా తుడిచివేశాము. కంటికి బంగారువన్నె ఆనింది. ఆనాటివరకు కనిపించని మామిడి వలయాలు, అలల వంటి గీతలు పైకి తేలివచ్చాయి.

పని కాగానే నేను రంగు గుడ్డలను ముద్దగా చుట్టి మూల పడవేయబోయాను. ఆయన నా చేయి పట్టుకొని ఆపారు. ఒక్కొక్క గుడ్డనూ విప్పి కంచె మీద విడివిడిగా ఆరవేశారు. అవిసె నూనె వంటి ఆరే నూనెలు గాలిలోని ప్రాణవాయువును గ్రహించి గట్టిపడతాయి. ఆ చర్యలో వేడి పుడుతుంది. పరచిన గుడ్డలో ఆ వేడి గాలిలోకి పోతుంది. ముద్దగా చుట్టిన గుడ్డలో అది పోయే దారిలేక పెరిగి పెరిగి, నిప్పు తగలకుండానే మంట పుడుతుంది. చాలా కాలానికి ఈ విషయాన్ని గురించి చదివాను. 1991 ఫిబ్రవరి 23న అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరంలో వన్ మెరీడియన్ ప్లాజా అనే 38 అంతస్తుల భవనం దగ్ధమైంది. చెక్క పలకలకు మెరుగుపెట్టే పనిలో వాడి, 22వ అంతస్తులో వదిలివేసిన అవిసె నూనె గుడ్డలు తమంతట తామే అంటుకోవడం దానికి కారణం. ఆ మంటలను ఆర్పబోయి ముగ్గురు అగ్నిమాపక సిబ్బంది ప్రాణాలు కోల్పోయారు. ఒక గుడ్డను ఆరవేయడానికి పట్టే సమయం ఎంత? కొన్ని క్షణాలు. నూనె గుడ్డలను పరచి ఆరవేయడం, లేదా నీళ్ళలో ముంచి ఉంచడం ఈ పనిలో అత్యవసరం.

రంగు ఆరడానికి మామూలుగా ఒకరోజు చాలునట. ఆషాఢపు తేమ వల్ల రెండు రోజులు ఆగాము. తెల్లగుడ్డతో రుద్దితే రంగు అంటరాదు, ముక్కు దగ్గర పెట్టుకొంటే నూనె వాసన రారాదు. ఈ రెండూ సరిపడిన తరువాతనే తుది పూత. రంగు చెక్కకు వన్నెనిస్తుందే కాని రక్షణనివ్వదు. చేతి చెమట, దుమ్ము, తేమ నుంచి కాపాడేది పైపూత మాత్రమే. మేస్త్రీగారు అందుకు లక్కను ఎన్నుకొన్నారు.

లక్క ఒక చిన్న పురుగు ఇచ్చే కానుక. మోదుగ, రేగు వంటి చెట్ల లేతకొమ్మల మీద గుంపులుగా చేరి, రసం పీల్చి బతికే లక్కపురుగులు తమ చుట్టూ విడిచే జిగట పదార్థమే లక్క. దానిని కొమ్మలనుంచి గీకి, కడిగి, కరిగించి, పలుచని పొరలుగా సాగదీస్తారు. దీనిని అధ్యయనం చేయడానికే 1924లో రాంచీ సమీపాన నామ్‌కుంలో పరిశోధన సంస్థ వెలసింది. వినైలు పళ్ళేలు రాకముందు గ్రామఫోను రికార్డులు కూడా లక్కతోనే తయారయ్యేవి. మహాభారతంలో పాండవులను దహించడానికి వారణావతంలో పురోచనుడు కట్టించిన లాక్షాగృహం మనకు తెలిసినదే. లక్క ఎంత అందంగా మెరుస్తుందో, అంత తేలికగా మండుతుంది.

మన ప్రాంతానికి లక్కపని కొత్త కాదు. అనకాపల్లి జిల్లాలో వరాహనది ఒడ్డున ఉన్న ఏటికొప్పాకలో అంకుడు కర్రను తరిణెపట్టి బొమ్మలు చేస్తారు. తిరిగే కర్రకు రంగు కలిపిన లక్కకడ్డీని అదిమిపెడితే ఆ రాపిడి వేడికి లక్క కరిగి కర్రకు పట్టుకొంటుంది. అక్కడ రంగు, మెరుగు రెండూ ఒకే పూతలో వస్తాయి. ఈ బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు లభించింది. మొక్కలనుంచి తీసే సహజవర్ణాలను ఈ కళలో తిరిగి నిలబెట్టిన సి.వి.రాజుగారికి 2023లో పద్మశ్రీ పురస్కారం ప్రకటించారు.

మేము చేసినది మరొక పద్ధతి. గాజుసీసాలో పావులీటరు స్పిరిట్టు పోసి, అరవై గ్రాముల లక్కపొరలు వేసి ఒక రాత్రి నానబెట్టాము. ఇనుప పాత్రలో వేస్తే లక్క నల్లబడుతుందట. మరునాడు పలుచని గుడ్డలో వడగట్టాము. దూదిని నూలుగుడ్డలో ఉండగా చుట్టి, ద్రావణంలో అద్ది, పోగుల వెంబడి ఒక కొసనుంచి మరొక కొసకు ఒకే ఊపున పూయాలి. తడిగా ఉన్నచోటికి మళ్ళీ పోరాదు. స్పిరిట్టు ఆవిరి మండే స్వభావం కలది, పీల్చరానిది. కాబట్టి తలుపులు తెరచి, దీపం దూరంగా ఉంచి పనిచేశాము. ఒక మందపు పూతకన్న పలుచని అయిదారు పూతలు మేలు. నడుమ నడుమ సన్నని కాగితంతో తేలికగా రుద్దాలి.

మూడు పూతలు ముగిశాయి. అది దశమి సాయంకాలం. తెల్లవారితే తొలి ఏకాదశి. ఆ రాత్రి వాన వచ్చేటట్లున్నదని, పని ఆపమని చెప్పి మేస్త్రీగారు ఇంటికి పోయారు. ఆయన వెళ్ళిన తరువాత నాకు మనసు నిలువలేదు. ఒక్క పూత వేస్తే ఉదయానికి నాయనమ్మ ముందు పెట్టవచ్చు. జల్లు పడుతుండగానే నాలుగవ పూత వేశాను. చూస్తూ ఉండగానే ఆ బంగారువన్నె మీద పాలు ఒలికినట్లు తెల్లని మసక కమ్మింది. స్పిరిట్టు ఆవిరయ్యేటప్పుడు పూత చల్లబడి, గాలిలోని తేమ దాని మీద చేరి చిక్కుకొన్నది. వద్దని చెప్పినా వినని తప్పుకు కారణం వెతకవలసిన పని లేదు.

ఆ రాత్రి నాయనమ్మకు జరిగినదంతా చెప్పాను. పలకలు చెడగొట్టిన సంగతి, దాచిన సంగతి, తిరిగి చెడగొట్టిన సంగతి. ఆమె విని, "ఏకాదశి పోతే నాలుగు రోజులలో పౌర్ణమి ఉన్నదిరా. అది వ్యాసపూర్ణిమ. వ్యాసపీఠానికి అంతకన్న మంచిరోజు ఏముంటుంది?" అన్నది.

రెండు రోజులకు వాన వెలిసి పొడిగాలి వీచింది. కొద్దిగా స్పిరిట్టు అద్దిన ఉండతో మేస్త్రీగారు ఆ మసక మీద తేలికగా తుడిచారు. లక్కకు ఒక సుగుణం ఉన్నది. ఆరిన పూతను స్పిరిట్టు మళ్ళీ కరిగిస్తుంది, కొత్త పూత పాతదానిలో కలిసిపోతుంది. అందువల్ల తప్పును దిద్దుకోవడానికి అది అవకాశమిస్తుంది. చిక్కుకొన్న తేమ విడిపోయి మసక తొలగింది. మరి రెండు పూతలతో పని పూర్తి అయింది. దీని మీద వేడి గ్లాసు పెట్టరాదని, నీరు నిలువరాదని ఆయన హెచ్చరించారు. లక్కకు వేడి, నీరు పడవు.

వ్యాసపూర్ణిమ ఉదయాన నాయనమ్మ భాగవతాన్ని దాని మీద తెరచి పెట్టింది. మెడ వంచకుండా, చేయి నొప్పి లేకుండా చదివింది. పారాయణ ముగించి పలక అంచును చేతితో తడుముతూ, చీలిక దగ్గర ఆగి, "ఈ మచ్చ ఏమిటిరా?" అని అడిగింది. అది నా వేలిముద్ర. జిగురు లోతుగా ఇంకిపోయినందున ఎంత రుద్దినా పోలేదు. ఇంకా రుద్దితే అంచు పలుచనవుతుందని మేస్త్రీగారు వదిలివేయమన్నారు.

సంగతి చెప్పాను. "ఉండనీ. తొందరపడ్డప్పుడల్లా వచ్చి చూసుకొందువుగాని" అన్నదామె నవ్వుతూ.

ఇప్పుడు ఆ వ్యాసపీఠం నా దగ్గర ఉన్నది. పక్కనే వెనుక పెన్సిలు రాతలున్న ఆ అడుగు ముక్క కూడా ఉన్నది. నేను ఏ పని ముగింపుకు వచ్చినా ముందు దానినే తలచుకొంటాను. ఓర్పునేర్పులు పనిలో ఆరంభానికి ఎంత అవసరమో, ముగింపుకు అంతకన్న ఎక్కువ అవసరం. తుది పూత మన తప్పులను కప్పదు. మనం అంతవరకు ఎలా పనిచేశామో అదే పదిమందికీ చూపుతుంది.

కఠిన పదాలు - అర్థాలు

వ్యాసపీఠం = పుస్తకం తెరచి పెట్టుకొని చదువుకునే చెక్కపీట
పారాయణ = నియమంతో మొదటినుంచి చివరివరకు చదవడం
అటక = ఇంటి పైకప్పు కింద వస్తువులు దాచుకునే చోటు
చిత్రిక = చెక్కను నునుపు చేసే పనిముట్టు
లప్పం = పగుళ్ళు, గుంతలు పూడ్చే ముద్ద
నూగు = సన్నని పోగు
తరిణె = కర్రను తిప్పుతూ చెక్కే యంత్రం
లాక్ష = లక్క
వన్నె = రంగు, కాంతి
అటుపిమ్మట = ఆ తరువాత

అభ్యాసం

I. వ్యాసరూప సమాధాన ప్రశ్నలు
1. "ఈ రంగు కప్పదు. చెక్కలో ఏముందో అదే పైకి చూపిస్తుంది" అన్న మేస్త్రీ మాటను పాఠం ఆధారంగా సమర్థించండి.
2. చెడిపోయిన పలకలను బాగుచేసిన క్రమాన్ని వివరించండి.
3. మీరు స్వయంగా చేసిన ఒక పనిలో చివరి దశలో ఎదురైన ఇబ్బందిని, దానిని అధిగమించిన తీరును రాయండి.

II. లఘు సమాధాన ప్రశ్నలు
1. మామిడి పలకను నాయనమ్మ ఎందుకు దాచుకొన్నది?
2. మిగిలిన అడుగు ముక్క ఏ విధంగా ఉపయోగపడింది?
3. నూనె గుడ్డలను ముద్దగా చుట్టి ఉంచరాదు. ఎందువల్ల?
4. ఏటికొప్పాక బొమ్మలకు లక్క పట్టించే విధానం తెల్పండి.

III. ఏకవాక్య సమాధాన ప్రశ్నలు
1. నాయనమ్మ పారాయణ ఏనాడు ప్రారంభించింది?
2. లక్కపొరలను ఏ ద్రవంలో నానబెట్టారు?
3. నాలుగవ పూత తెల్లబారడానికి కారణమేమి?

IV. సందర్భసహిత వ్యాఖ్యలు రాయండి
1. "అది ఒక్కటే ఉన్నదిరా."
2. "జ్ఞాపకం మోసం చేస్తుంది. చెక్క మోసం చేయదు."
3. "మీ తాతగారు టేకు నాటలేదు."

V. వ్యాకరణం

సంధులు
స్వీయానుభవం = స్వీయ + అనుభవం - సవర్ణదీర్ఘ సంధి
సూర్యోదయం = సూర్య + ఉదయం - గుణ సంధి
అత్యవసరం = అతి + అవసరం - యణాదేశ సంధి
అయిదారు = అయిదు + ఆరు - ఉత్వ సంధి
మొట్టమొదట = మొదట + మొదట - ద్విరుక్తటకార సంధి

సమాసాలు
ఓర్పునేర్పులు - ఓర్పును, నేర్పును - ద్వంద్వ సమాసం
తెల్లజిగురు - తెల్లనైన జిగురు - విశేషణ పూర్వపద కర్మధారయ సమాసం
రెండు పలకలు - రెండైన పలకలు - ద్విగు సమాసం
లాక్షాగృహం - లాక్షతో నిర్మించిన గృహం - తృతీయా తత్పురుష సమాసం

VI. భాషాభ్యాసం
మీ ప్రాంతంలోని వడ్రంగి, కుమ్మరి, చేనేత పనివారిలో ఒకరిని కలిసి, వారు వాడే పనిముట్ల పేర్లను, తుది మెరుగు కోసం వారు చేసే పనులను తెలుసుకొని పది వాక్యాలలో రాయండి.